తమాలెలకు పంది కొవ్వే కావాలా?

ప్రశ్న: మా కోడలు మెక్సికో అమ్మాయి. క్రిస్మస్‌కు వాళ్లింట్లో తమాలెలు చేయడం ఆనవాయితీ. ఈసారి నా కోసం శాకాహారంగా చేస్తానంటోంది. పంది కొవ్వు పడకపోతే పిండి రాయిలా అవుతుందని వాళ్లమ్మగారి బెంగ. మార్గం ఉందా? (గుంటూరు పాఠకురాలు, ప్రస్తుతం హ్యూస్టన్‌లో)

జవాబు: మీ వియ్యపురాలి బెంగలో న్యాయం ఉంది. తమాలె అంటే మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, పొత్తి రేకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం. దానికి లోపలి కూర కంటే పై పిండే ప్రాణం. ఆ పిండిని గుల్లగా ఉంచేది కొవ్వు. దాన్ని తీసేసి ఊరుకుంటే గట్టిపడక ఏమవుతుంది? అయితే ఆ కొవ్వు పందిదే కానక్కరలేదు. పందులు మెక్సికోకు స్పెయిన్ వాళ్ల వెంట వచ్చాయి. 1521లో ఆస్తెక్‌ల రాజధాని వాళ్ల చేజిక్కడానికి ఎంతో ముందు నుంచీ ఆ నేల మీద తమాలెలు వండుకుంటూనే ఉన్నారు. ఈ మాట మాత్రం పండగ గడిచాక, మెల్లగా చెప్పండి.

కావలసింది గడ్డకట్టి ఉండే కొవ్వు. వెన్న మేలు. వాసన లేని కొబ్బరినూనెను ఫ్రిజ్‌లో పెట్టి తీసినా సరే. మామూలు నూనెను ఎంత గిలక్కొట్టినా గాలి నిలవదు. 120 గ్రాముల వెన్నను తెల్లగా నురగలా అయ్యేదాకా గిలక్కొట్టి, రెండు కప్పుల మాసా పిండి, చెంచాడు బేకింగ్ పౌడర్, ఉప్పు కలపండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, గింజలు వలిచేసిన మొక్కజొన్న కండెలు వేసి మరిగించిన నీళ్లు ఒకటిన్నర కప్పు, చాలకపోతే ఇంకొంచెం, పోస్తూ మళ్లీ గిలక్కొట్టాలి. చిన్న ఉండ తీసి గ్లాసెడు చన్నీళ్లలో వేయండి. తేలితే పిండి సిద్ధం. మునిగితే ఇంకా చేతికి పని ఉందన్నమాట.

మాసా అంటే మన రొట్టెల మొక్కజొన్న పిండి కాదు. గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, పొట్టు వదిలించి, రుబ్బి ఆరబెట్టినది. సున్నం తగలని పిండి ముద్ద కట్టదు, విరిగిపోతుంది. హ్యూస్టన్‌లో మాసా ఏ కొట్లోనైనా దొరుకుతుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

నానబెట్టిన మొక్కజొన్న పొత్తి రేకుల్లో పిండి పరిచి చుట్టి, మన కోనసీమ పొట్టిక్కల్లాగే నిలబెట్టి ఆవిరి మీద గంటకు పైగా ఉడికించాలి. మెక్సికో నగరంలో మేము కాపురమున్నప్పుడు పక్కింటావిడ ఆవిరి గిన్నె అడుగున ఒక నాణెం వేసేది. నీళ్లు మరిగినంతసేపూ అది టకటక కొట్టుకుంటుంది. చప్పుడు ఆగిందంటే నీళ్లు అయిపోయినట్టు. ఆవిడ ముందు గదిలో కబుర్లు చెబుతూనే చెవి అటు వేసి ఉంచేది. రేకు పిండికి అంటుకోకుండా ఊడివస్తే ఉడికినట్టే.

లోపల ఏం పెట్టాలని మీరు అడగలేదు కానీ చెబుతాను. మీల్‌మేకర్ మాత్రం వద్దు! పొబ్లానో అనే కారం తక్కువ పెద్ద మిరపకాయలను మంట మీద కాల్చి, తొక్క తీసి, పొడవుగా చీల్చి, జున్నుతో (చీజ్) కలిపి పెట్టండి. దాన్ని రాహాస్ అంటారు. శాకాహారుల కోసం కనిపెట్టినది కాదు, వాళ్లు ఎప్పుడూ చేసుకునేదే. జున్ను కొనేటప్పుడు పాలు విరిచే రెన్నెట్ జంతువులదా, కాదా అని పొట్లం మీద చూసుకోండి.

ప్రశ్న: బ్రెజిల్ ఫెయిజువాడను మాంసం లేకుండా చేశాను. నల్ల రాజ్మా చారులా వచ్చింది. ఏం తక్కువైంది? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: పొగ. ఫెయిజువాడలో నల్ల బీన్స్ గింజలతో పాటు పొగబెట్టిన సాసేజీలు, ఉప్పులో ఊరిన పంది మాంసం పడతాయి. గింజలకు రుచి వాటి నుంచే దిగుతుంది. మీరు ముక్కలు మానేశారు, వాటి పనిని ఎవరికీ అప్పగించలేదు. వెల్లుల్లి, ఉల్లిపాయ దండిగా నూనెలో ఎర్రగా వేయించి, బిర్యానీ ఆకు వేయండి. పుట్టగొడుగులను అంచులు నల్లబడేలా విడిగా వేయించి చేర్చండి. ఉడికిన గింజలు రెండు గరిటెలు మెదిపి మళ్లీ గిన్నెలో కలిపితే చిక్కదనం వస్తుంది. చివర్లో గిన్నె మధ్యలో చిన్న కటోరీ పెట్టి, ఎర్రటి నిప్పు కణిక మీద నెయ్యి బొట్టు వేసి మూత పెట్టండి. హైదరాబాద్ వారికి ఈ విద్య నేను నేర్పాలా?

గింజలు నానిన నీళ్లు పారబోయండి, ఉడికిన నీళ్లు మాత్రం వదలకండి. నలుపంతా అందులోనే ఉంటుంది. పక్కన సన్నగా తరిగి వెల్లుల్లితో వేయించిన ఆకుకూర ఉండాలి. బ్రెజిల్ వాళ్లు వాడే కోవే ఆకు ఇక్కడ దొరకదు. నూల్‌కోల్ ఆకులు వాడండి, రెండూ ఒకే జాతి. దాంతో వడ్డించే కమలా ముక్కలు అలంకారానికి కాదు, తినడానికి. ఆ పులుపు లేకపోతే రెండో వడ్డనకు చేయి సాగదు.

ప్రశ్న: మెక్సికో మడత రొట్టెలు టాకోల్లోకి మాంసం బదులు డబ్బా పనసకాయ తప్ప వేరే దారి లేదా? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: పనసపొట్టు కూర తెలిసిన ఊళ్లో డబ్బా పనసకాయ ఎందుకమ్మా! అయినా టాకోల్లోకి నా ఓటు హమైకాకే. హమైకా అంటే పువ్వు అడుగున ఉండే ఎర్ర రక్షకపత్రాలు. మెక్సికోలో వీటిని మరిగించి, చక్కెర కలిపి చల్లని పానీయం చేస్తారు. ఇది మన గోంగూర బంధువు కాదు, సాక్షాత్తూ గోంగూర జాతే. పానీయం వడకట్టాక మిగిలిన పత్రాలను గట్టిగా పిండి, తరిగి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిర్చితో వేయించండి. అంచులు కరకరలాడుతూ, నడుమ నమలడానికి సాగుతూ పుల్లగా ఉంటాయి. చిటికెడు బెల్లం పడాలి. మందార టీ పేరుతో అమ్మే పొట్లాల్లో మామూలు మందార రేకులు కూడా ఉంటాయి, అవి పనికిరావు. మందంగా, ముదురెరుపుగా ఉన్నవే తీసుకోండి.

ప్రశ్న: అమ్మానాన్నలతో మెక్సికో వెళ్తున్నాం. మాంసం వద్దంటే చాలా? (పుణె పాఠకుడు)

జవాబు: చాలదు. ఎర్ర అన్నం తరచుగా కోడి రసంలో వండుతారు, మెదిపిన బీన్స్ పంది కొవ్వులో వేయిస్తారు. వాళ్ల లెక్కలో అవేవీ మాంసం కావు. కాబట్టి ‘మాంతేకా (పంది కొవ్వు) ఉందా, కాల్దో దే పోయో (కోడి రసం) ఉందా’ అని ఆ రెండింటినీ పేరు పెట్టి అడగండి. మెక్సికో నగరంలో వీధి పక్కన పెనం పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గర త్లకోయోలు తినండి. నీలి మొక్కజొన్న పిండిని కోలగా ఒత్తి, లోపల బీన్స్ ముద్ద పెట్టి, నూనె లేకుండా కాల్చి, పైన నాగజెముడు ముక్కలూ జున్నూ చల్లి ఇస్తారు. ఆ ముద్దలో మాంతేకా పడిందేమో ఒక్కసారి అడిగి, వేడిగా ఉండగానే తినేయాలి. చల్లారితే చెప్పు అట్టే.