ఎవరూ లేరంటే అక్కడితో ఆగిపోకు

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పేర్లూ వీధీ చెప్పకుండా అడిగావు, మంచి పని చేశావు, పిన్ని దగ్గరైనా సరే అంతే. నువ్వు చెప్పినదాంట్లో నన్ను పట్టుకున్న ముక్క ఒక్కటే: "పిల్లాడికి చుట్టాలెవరున్నారంటే ఆ తల్లి ఎవరూ లేరంది పిన్నీ, గురువారం కోర్టు, ఇంక పరాయి వాళ్ళింట్లో ఫాస్టర్ కేర్‌లో పెట్టక తప్పేలా లేదు." ఆస్ట్రేలియాలో ఈ డబ్బో ఊళ్ళో, పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ ఆఫీసులో నీకిది రెండో నెల. పంతొమ్మిదేళ్ళు ఈ ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఆ 'ఎవరూ లేరు' అన్న మాట వింటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

చేరిన కొత్తలో నేనూ ఒక అబొరిజినల్ తల్లిని, అంటే ఈ దేశపు ఆదివాసీ ఆవిణ్ణి, ఇదే అడిగాను. ఎప్పుడనుకున్నావ్? గేటు దగ్గర పోలీసు నిలబడి ఉన్నాడు, నా ఒళ్ళో ఫారం, పక్క గదిలో నాలుగేళ్ళ పిల్లాడికి మా వాళ్ళు బూట్లు తొడుగుతున్నారు. ఆవిడ నేల చూస్తూ 'లేరు' అంది, నేను 'లేరు' అని రాసుకున్నాను. పిల్లాడు రెండున్నర గంటల దూరంలో, అబొరిజినల్ కాని వాళ్ళింటికి వెళ్ళాడు. ఏడు నెలల తర్వాత తెలిసింది, వాడి అమ్మమ్మ చెల్లెలు అక్కడికి రెండు వీధుల అవతలే ఉంటుందని, వారంలో మూడు రోజులు వాడికి తిండి పెట్టి పడుకోబెట్టేది ఆవిడేనని. "నన్నెవరూ అడగలేదమ్మా" అంది. తీసుకెళ్ళి చూపిస్తే వాడు ఆవిణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తల్లి అబద్ధం ఎందుకాడింది? వాళ్ళమ్మని చిన్నప్పుడు ప్రభుత్వ వెల్ఫేర్ వాళ్ళు కూటముండ్రా హోంకి, ఇళ్ళ నుంచి లాక్కొచ్చిన అబొరిజినల్ ఆడపిల్లల్ని పెట్టే చోటికి, తీసుకుపోయారు. ఆ రోజు చెల్లెల్ని మాత్రం ఇంట్లోవాళ్ళు ఏటి ఒడ్డున చెట్లల్లో దాచేశారట. వెల్ఫేర్ కారొస్తే మనవాళ్ళు ఎక్కడున్నారో చెప్పకూడదు, ఆ ఇంట్లో పిల్లలకి నేర్పేది అదే. నేను వెళ్ళింది ఆ కార్లోనే కదా, రంగు మారిందంతే.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1910 నుంచి 1970 దాకా ప్రతి పది మంది అబొరిజినల్ పిల్లల్లో ఒకరి నుంచి, ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా ఇళ్ళ నుంచి తీసుకుపోయారని 1997లో జాతీయ విచారణే తేల్చింది. 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అయినా మన న్యూ సౌత్ వేల్స్‌లోనే, ఒక్క ఏడాదిలో ఇళ్ళు వదిలి ప్రభుత్వ కేర్‌లోకి వెళ్ళిన 1,144 మంది అబొరిజినల్ పిల్లల ఫైళ్ళని ప్రొఫెసర్ మేగన్ డేవిస్ బృందం తిరగేసి 2019లో రిపోర్టిచ్చింది. అది చదువు. ట్రైనింగ్ స్లైడ్లు కాదు, అసలు రిపోర్టు.

ఇక అడగడం ఎలాగో చెప్తాను. 'నీకెవరున్నారు' అనకు. పిల్లాడికి జ్వరమొస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తావు, స్కూల్ నుంచి ఎవరు తీసుకొస్తారు, డబ్బులైపోతే ఎవరింట్లో తింటారు, క్రిస్మస్‌కి ఎక్కడికి వెళ్తారు, ఇలా అడుగు. మీ ఆఫీసులో ఉన్న అబొరిజినల్ కేస్‌వర్కర్‌ని తోడు రమ్మను. కారిడార్‌లో ఆపి రెండు ముక్కలడిగి 'కన్సల్ట్ చేశాం' అని టిక్ పెట్టేవాళ్ళుంటారు, నువ్వు అలా చెయ్యకు. పెద్ద కాగితం బల్ల మీద పరిచి పెన్ను వాళ్ళ చేతికివ్వు, ఫ్యామిలీ ట్రీ వాళ్ళే గీస్తారు. తండ్రి జైల్లో ఉన్నాడని అటువైపు మొత్తాన్ని ఖాళీగా వదిలేస్తారు మనవాళ్ళు, నాన్నమ్మలు దొరికేది అక్కడే. నీ ఐడీ కార్డు జేబులో పెట్టుకో, కానీ ఎందుకొచ్చావో మాత్రం దాచకు. 'ఊరికే పలకరిద్దామని' అంటే ఒక్క నిమిషంలో కనిపెట్టేస్తారు. ఫలానా ఫిర్యాదు వచ్చింది, దీని గురించి నాకు భయంగా ఉంది అని సూటిగా చెప్పు. వాళ్ళూ నిన్ను మీదెక్కడ, మీ వాళ్ళెవరు అని అడుగుతారు. సిడ్నీ అనకు, మన ఊరి పేరు చెప్పు, అమ్మ వైపు నాన్న వైపు చెప్పు. మాటలు కలిసేది అక్కడే.

ఇందులో నీకో లాభముంది. వాళ్ళల్లో చాలా చోట్ల అమ్మ అక్కచెల్లెళ్ళూ అమ్మలే, వాళ్ళ పిల్లలు అన్నదమ్ములే. నా తోటి ఆఫీసరొకాయన ఇది విని 'బంధుత్వాలు అయోమయం' అని నోట్స్‌లో రాశాడు. అయోమయమేముంది? పెద్దమ్మ, చిన్నమ్మ అనే మాటల్లో అమ్మ లేదూ? నీ రెండో ఏట మీ అమ్మ ఆపరేషన్‌కని వెళ్తే మూడు నెలలు నా పక్కలోనే పడుకున్నావు. దాన్నెవరూ ప్లేస్‌మెంట్ అనలేదు. అయితే ఇది చూసుకుని వాళ్ళూ మనలాంటి వాళ్ళే అనుకోకు. మన పిల్లల్ని ప్రభుత్వం కార్లో ఎక్కించుకుపోలేదు. డబ్బోలో ఉన్న అబొరిజినల్ వాళ్ళందరూ ఆ నేల మీది విరాడ్జురి జాతి వాళ్ళే అని కూడా అనుకోకు, అడుగు.

చట్టం కూడా నీ వైపే ఉంది. ముందు రక్తసంబంధీకులు, చుట్టాలు, ఆ తర్వాత వాళ్ళ సమాజం, మిగతావన్నీ తర్వాతే. 2023 చివరి నుంచి, పిల్లల్ని ఇంట్లోంచి తీసుకురావాల్సిన అవసరం రాకుండా నిజంగా ఏం ప్రయత్నం చేశారో కోర్టుకి చూపించాలి. ఫోన్ నంబర్ ఇచ్చాం అంటే కుదరదు. ఫ్రిజ్ పాడైతే ఫ్రిజ్ బాగుచేయించు, ఇల్లు చిన్నదైతే హౌసింగ్ వాళ్ళ వెంట పడు. లేమికి నెగ్లెక్ట్ అని, పిల్లల్ని పట్టించుకోలేదని పేరు పెట్టకు. మొగుడు కొడుతున్నాడని సాయమడిగిన తల్లిని 'పిల్లల్ని కాపాడలేకపోయింది' అని రాయకు, రాశావంటే ఆవిడ మళ్ళీ జన్మలో ఫోన్ చెయ్యదు. మీటింగ్‌కి రాకపోతే 'సహకరించడం లేదు' అనేముందు ఎవరైనా పోయారేమో కనుక్కో, సారీ బిజినెస్, అంటే చావింట్లో వాళ్ళు పాటించే సంతాపం, ఒక్క పూట అంత్యక్రియలు కాదు, రోజుల తరబడి ఉంటుంది. పోయినవాళ్ళ పేరు పలకొచ్చో లేదో అదీ అడుగు. నువ్వు రాసే ప్రతి లైనూ ఆ పిల్లాడు పెద్దయ్యాక తన ఫైలు అడిగి తెప్పించుకుని చదువుకుంటాడు.

మరీ మెత్తబడమని కాదు నా ఉద్దేశం. ఒంటి మీద దెబ్బలుంటే, రాత్రికి ఆ ఇంట్లో ప్రమాదముంటే, సంస్కృతి పేరు చెప్పి పిల్లాణ్ణి అక్కడ వదిలేయడం వాడికి చేసే ద్రోహమే. తీసుకురావాల్సి వస్తే తీసుకురా. ఎక్కడికి తీసుకెళ్ళాలో మాత్రం నీకు ముందే తెలిసుండాలి, అందుకే మొదటి రోజు నుంచే చుట్టాల్ని వెతకమంటున్నాను.

ఇంకో మాట, మన వాళ్ళ పార్టీల్లో ప్లేటు పట్టుకుని 'అబొరిజినల్సా, తాగుతారటగా' అనే అంకుల్స్ తగులుతారు. వాళ్ళతో వాదించి నోరు నొప్పి పెట్టుకోకు, కానీ నవ్వకు.

రేపు సెలవు పెట్టాలనుకున్నావు కదా, పెట్టకు. పొద్దున్నే ఆ తల్లి దగ్గరికి ఫారం లేకుండా వెళ్ళు. తర్వాత స్కూల్ ఆఫీసుకెళ్ళి ఎమర్జెన్సీ కాంటాక్టులో ఎవరి పేరుందో చూడు, అది చూడాలని ఎవరికీ తట్టదు. బుధవారం రాత్రికి ఏమైందో చెప్పు, ఎంత లేటైనా మేలుకునే ఉంటాను.

మీ పిన్ని