మాటలు తక్కువున్న అబ్బాయి నలుగురిలో కథ చెప్పగలడా?

పదహారేళ్ల మీ అబ్బాయికి మేధో వైకల్యం ఉందని, రెండు మూడు మాటలకు మించి కలిపి మాట్లాడలేడని, చుట్టాలు వస్తే ఓ మూల కూర్చుండిపోతున్నాడని, కథలతో అతన్ని నలుగురిలో కలపవచ్చా అని అడిగారు. తప్పకుండా కలపవచ్చు. అయితే మనం చెప్పే కథను అతను వినడం కన్నా, తన కథ తానే చెప్పుకునేలా మనం తోడు నిలవడం ముఖ్యమని, విజయనగరంలో ఇలాంటి తమ్ముడితో పెరిగిన అక్కగా నేను గట్టిగా నమ్ముతున్నాను.

మన బుర్రకథలో కథంతా ఒక్కరే మోయరు. వంతలు తందాన అంటూ అందుకుంటారు, ఆశ్చర్యపోతారు, మధ్యలో ప్రశ్న వేసి కథను ముందుకు నడుపుతారు. మా ఇంట్లో తమ్ముడు కథకుడు, మిగిలిన వాళ్లమంతా వంతలం.

దసరా వెళ్లిన మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అంటే పొడవాటి మాను చివర పూజారి కూర్చుని ఊరేగే జాతర, చూసి వచ్చాక, అరుగు మీద వాడి చేతికి ఒక అరటిపండు ఇచ్చి, "మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం కిటకిటలాడుతున్నారు, అప్పుడు..." అని నేను ఆగుతాను. వాడు వెంటనే అందుకోడు. ఎవరైనా మాట అందించబోతే సైగతో వారిస్తాను. కాసేపటికి సిరిమాను ముందు నడిచే తెల్ల ఏనుగును తలచుకుని "ఏనుగు!" అంటాడు, ఆపైన చెయ్యెత్తి, మాను ఊగినట్టు ఒళ్లంతా ఊపి, భక్తులు పూజారి మీదికి విసిరినట్టే పండు విసురుతాడు. అది ఎవరి ఒళ్లో పడితే వారు "నాకే తగిలింది!" అనాలి. అంతకుముందు వాడి సంగతులన్నీ నన్నే అడిగే ఎదురింటి మామ్మగారు ఇప్పుడు "ఏరా, ఈ ఏడు ఏనుగు ఎలా ఉంది?" అని నేరుగా వాడినే అడుగుతారు. నా దృష్టిలో నలుగురిలో కలవడమంటే ఇదే.

ఇంగ్లండులో నికోలా గ్రోవ్ అనే భాషా చికిత్స నిపుణురాలు స్టోరీషేరింగ్ పేరుతో తీర్చిదిద్దిన పద్ధతి సారమూ దాదాపు ఇదే: జరిగిన సంఘటనను అందులో ఉన్నవాళ్లు కలిసి చెబుతారు, ఒక చూపో శబ్దమో మాత్రమే తన వంతుగా ఇచ్చినా అతనూ కథకుడే. కాబట్టి అతను భయపడిన, కోపగించిన, పడీపడీ నవ్విన సంఘటననే ఎంచుకోండి. "ఎక్కడికి వెళ్లాం? ఏం చూశాం?" అని వరసగా అడిగితే అది పరీక్ష అవుతుంది. చెప్పిన కథే మళ్లీ మళ్లీ చెప్పినా విసుగు చూపకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో ఉండే భవిత కేంద్రం టీచరుకు కూడా ఆ కథ తెలిస్తే అక్కడా చెప్పించగలరు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాజంలో జీవించే హక్కుతో పాటు సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కునూ గుర్తించింది గనుక, పెళ్లిలోనో జాతరలోనో అతనికి చోటు అడగడం ఎవరి దయనో అర్థించడం కాదు.

అతని జబ్బుల గురించి, స్నానపానాల గురించి చుట్టాల ముందు మనం చెప్పే కథలు మాత్రం మానుకోవాలి. ఇష్టం లేని సంగతి వస్తే మా తమ్ముడు నా చెయ్యి పట్టుకుని లాగుతాడు, నేను అక్కడితో ఆపేస్తాను. మీ అబ్బాయి వద్దనడానికి ఏ సైగ చేస్తాడో ఇంట్లో అందరికీ తెలిసేలా చూసి, ఆ తరువాతే మొదటి కథకు కూర్చోండి.