ముత్యమును తిరగేస్తే ముత్యమేనా?

సందేహం: ‘వికటకవి’, ‘కిటికీ’, ‘ముత్యము’ ఎటు నుంచి చదివినా ఒకటే అంటారు. కానీ ‘ముత్యము’ను వెనుక నుంచి చదివితే తకార యకారాలు తారుమారు కావాలి కదా? ఒత్తును విడదీయకుండా చదవడం సరైనదేనా?

సమాధానం: సరైనదే. పదాన్ని తిరగవేసేటప్పుడు మనం లెక్కపెట్టేది విడి వర్ణాలను కాదు, అచ్చుతో కలిసి ఒక్క ఊపున పలికే అక్షరాన్ని. అందుచేత ‘త్య’ వంటి సంయుక్తాక్షరం గానీ, సున్నతో కూడిన ‘నం’ గానీ ఎటు నుంచి వచ్చినా చెదరదు. ‘నందనం’, ‘మందారదామం’ ఈ లెక్కతోనే భ్రమకాలు, అంటే ఎటు నుంచి చదివినా ఒకటిగా ఉండే పదాలు, అయ్యాయి. వర్ణాలుగా విడగొడితే ‘వికటకవి’ సైతం వెనుక నుంచి ఇకారంతో మొదలై భ్రమకం కాకుండా పోతుంది. ఇంగ్లీషు లిపిలో ఎటు చదివినా ఒకటిగా ఉండే ‘మలయాళం’ అన్న పేరు మన లిపిలో అలా కుదరకపోవడానికి ఈ లెక్కల తేడాతో పాటు, ల-ళల తేడా, హ్రస్వ దీర్ఘాల తేడా ఆ లిపిలో కనిపించకపోవడమూ కారణమే.

ఇది మన పూర్వకవులు పాటించిన పద్ధతే. ముందు నుంచి చదివితే రామకథ, వెనుక నుంచి చదివితే కృష్ణకథ వచ్చేటట్లు సూర్యకవి సంస్కృతంలో రచించిన రామకృష్ణ విలోమకావ్యం మొదటి శ్లోకంలోనే ‘వందే’ తిరగబడి ‘దేవం’ అవుతుంది. ‘ముక్తిము’, ‘భవ్యభ’ అన్నవి రెండు వైపులా అలాగే ఉంటాయి. అక్కడ ‘క్తి’ని గానీ ‘వ్య’ను గానీ కవి విడదీయలేదు. పాదాంతంలోని ‘శ్రీః’ వెనుక నుంచి ‘శ్రీ’గా మొదలవుతుంది కనుక విసర్గకు మాత్రం సడలింపు ఉన్నదని గ్రహించాలి.

తెలుగులో నంది తిమ్మన పారిజాతాపహరణంలో ‘నాయశరగసా’ అని ఎత్తుకొని ‘సాగరశయనా’ అని ముగించిన కందపద్యం ఉంది. అందులోని 52 అక్షరాలలో మొదటి 26 ‘మా’తో ముగుస్తాయి, తరువాతి 26 ఆ ‘మా’తోనే మొదలై వచ్చిన దారిన వెనక్కి నడుస్తాయి. ఇంత నిర్బంధంలోనూ నాలుగు పాదాలకూ యకార ప్రాస తప్పలేదు, కందం గణాలు తప్పలేదు. ఎన్నిసార్లు గుణించి చూసినా నాకు ఆశ్చర్యం తీరదు. హ్రస్వం ఎదుట హ్రస్వం, దీర్ఘం ఎదుట దీర్ఘం తు.చ. తప్పకుండా నిలిచాయి.

ఆ కొలతతో చూస్తే మీరు రాసిన ‘కిటికీ’ మాత్రం నిలవదు. చివరి అక్షరాన్ని హ్రస్వం చేసి ‘కిటికి’ అని రాస్తేనే అది భ్రమకం.