యూఎస్‌బీలు పెడితే సిస్టమ్ లోగో దగ్గరే ఆగిపోతోంది, విండోస్ మళ్లీ ఎక్కించాలా?

మీరు అడిగింది ఇదీ: దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపు. డెస్క్‌టాప్‌కి ప్రింటర్, వేలిముద్ర మిషన్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. అన్నీ అడాప్టర్ ఉన్న 7 పోర్టుల హబ్బుకే తగిలించారు. మొన్న కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి కంపెనీ లోగో దగ్గరే ఆగిపోతోంది. అన్నీ పీకేస్తే మామూలుగానే లేస్తోంది. రిపేరుకు వచ్చినాయన ఫార్మాట్ కొట్టాలన్నాడు.

ఫార్మాట్ అక్కర్లేదండీ. లోగో కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలవ్వలేదంటే విండోస్ ఇంకా నిద్రలోనే ఉన్నట్టు. అప్పటికి నడుస్తున్నది మదర్‌బోర్డు మీద ఉన్న బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రామ్) ఒక్కటే. తగిలించిన ప్రతి పరికరాన్నీ అది పలకరిస్తుంది. ఏదో ఒకటి సగం జవాబిచ్చి ఊరుకుంటే, కొన్ని బోర్డులు దాని కోసం అలాగే ఎదురుచూస్తూ కూర్చుంటాయి. బయోస్ సెట్టింగుల్లోకి వెళ్దామని డిలీట్, ఎఫ్2 నొక్కినా పలకవు. విండోస్ కొత్తగా వేసినా రేపు అక్కడే ఆగుతుంది.

మీ విషయంలో నా మొదటి అనుమానం హబ్బు మీదే. అడాప్టర్ ఉన్న చవక హబ్బుల్లో చాలావాటికి కరెంటు వెనక్కి పోకుండా ఆపే ఏర్పాటు ఉండదు. అడాప్టర్ ఇచ్చే 5 వోల్టులు యూఎస్‌బీ కేబుల్ గుండా తిరిగి మదర్‌బోర్డులోకి ఎక్కుతాయి. బోర్డు పూర్తిగా ఆరిపోదు, పూర్తిగా వెలగదు, సరిగ్గా రీసెట్ కాదు. కరెంటు వచ్చీపోయే చోట ఇది బాగా బయటపడుతుంది. ఎందుకంటే కరెంటు రాగానే, మీరు సిస్టమ్ బటన్ నొక్కకముందే హబ్బు వెలిగిపోతుంది.

చూడటం తేలిక. సిస్టమ్ షట్‌డౌన్ చేసి దాని స్విచ్ గోడ దగ్గరే ఆపండి. హబ్బు అడాప్టర్ మాత్రం ఆన్‌లో ఉంచండి. అర నిమిషం తర్వాత కూడా క్యాబినెట్‌కే నేరుగా గుచ్చిన మౌస్ కింద ఎర్ర లైటు వెలుగుతోందా, ఫ్యాన్ ఒక్కసారి కదిలిందా? అయితే దొంగ దొరికినట్టే. పవర్ కేబుల్, యూఎస్‌బీలు అన్నీ పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన ఛార్జ్ దిగిపోతుంది. తర్వాత హబ్బు లేకుండా ఆన్ చేయండి.

హబ్బు మంచిదే అని తేలితే ఒక్కొక్కటిగా వెతకాలి. కీబోర్డు, మౌస్ వెనక వైపు పోర్టుల్లో ఉంచి, మిగతావి ఒకసారికి ఒకటే పెట్టండి. ప్రతిసారీ గోడ స్విచ్ ఆపి 10 సెకన్లు ఆగి ఆన్ చేయాలి. రీస్టార్ట్‌తో సరిపెడితే పోర్టుకు 5 వోల్టులు అందుతూనే ఉంటాయి, మొండికేసిన పరికరం అలాగే మొండికేస్తుంది.

అనుమానం వచ్చిన పరికరాన్ని మల్టీమీటర్‌తో పట్టుకోవచ్చు. దాన్ని సిస్టమ్ నుంచి పీకేసి, మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. మామూలు యూఎస్‌బీ ప్లగ్గులో అంచుల్లో ఉన్న రెండు రేకులే కరెంటువి, మధ్యలోవి డేటావి. ఆ చివరి రెండింటికీ మీటర్ సూదులు ఆనించండి. ‘టిక్’మని ఒక్క బీప్ వచ్చి ఆగితే లోపలి కెపాసిటర్ ఛార్జ్ అవుతోందని అర్థం, భయం లేదు. ఆగకుండా మోగుతూనే ఉంటే షార్ట్. దాన్ని మళ్లీ ఏ పోర్టులోనూ పెట్టకండి. ఇలాంటప్పుడే కొన్ని బోర్డులు ‘ఓవర్ కరెంట్’ అని తెర మీద రాసి 15 సెకన్లలో ఆరిపోతాయి. ఏమీ తగిలించకుండానే ఆ మాట వస్తుంటే క్యాబినెట్ ముందు పోర్టులోకి టార్చ్ వేసి చూడండి, లోపలి పిన్ను వంగి రేకుకు తగులుతూ ఉండొచ్చు. ముందు పోర్టుల వైరును బోర్డు మీద కనెక్టర్ (యూఎస్‌బీ 2.0దైతే 9 పిన్నులది) నుంచి పీకేసి నడుపుకోవచ్చు.

హార్డ్‌డిస్క్‌ది వేరే సంగతి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగవచ్చు. ‘టక్ టక్’ అంటుంటే ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసి, పొట్టి కేబుల్‌తో వెనక నీలం (3.0) పోర్టులో పెట్టండి.

లోగో దాటి, నల్లతెర మీద ‘నో బూటబుల్ డివైస్’ అనో, మిణుకుమనే గీతో వస్తే అది బూట్ ఆర్డర్ (ముందు ఏ డ్రైవ్ నుంచి లేవాలన్న వరస) గొడవ. పెన్‌డ్రైవ్, కార్డ్ రీడర్‌తో పాటు ఇంటర్నెట్ డాంగిల్ కూడా ఇలా చేస్తుంది. దానిలో డ్రైవర్లున్న దొంగ సీడీ డ్రైవ్ ఒకటి దాక్కుని ఉంటుంది, బయోస్ దాని నుంచి బూట్ అవ్వబోయి బోర్లా పడుతుంది. బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి జరపండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే ముందే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి, బూట్ సెట్టింగ్ మారిస్తే అది అడగొచ్చు. చాలామంది బయోస్‌లో యూఎస్‌బీ లెగసీ సపోర్ట్ (విండోస్ లేవకముందే యూఎస్‌బీ కీబోర్డు పనిచేసేలా చేసే సెట్టింగ్) ఆపెయ్యమంటారు. నేనైతే వద్దంటాను. అది ఆపితే కొన్ని బోర్డుల్లో మళ్లీ బయోస్‌లోకి వెళ్లడానికి కీబోర్డే పనిచేయదు. అప్పుడు సెట్టింగులు మొదటికి రావాలంటే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ పీకి పెట్టడమే గతి.

చుక్కలు తిరుగుతూ ఆగిపోతేనే తప్పు విండోస్ వైపుది, సాధారణంగా డ్రైవర్. పరికరం పీకి సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. డివైస్ మేనేజర్‌లో ‘షో హిడెన్ డివైసెస్’ పెడితే పీకేసిన పరికరం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్త డ్రైవర్ వేయండి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు కూడా తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా పాత డ్రైవర్ స్థితే తిరిగి లేస్తుంది.

హబ్బు మార్చాల్సి వస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) మల్టీమీటర్ పట్టుకెళ్లండి. కౌంటర్ మీదే కొత్త హబ్బుకి అడాప్టర్ తగిలించమనండి. సిస్టమ్‌కి గుచ్చే వైపు ప్లగ్గులో ఆ చివరి రెండు రేకుల మధ్య డీసీ వోల్టేజ్ చూడండి. సున్నా దగ్గర ఉంటే తీసుకోండి. 5 చూపిస్తే, ఎంత తగ్గించి ఇస్తానన్నా వదిలేసి పక్క షాపుకి వెళ్లండి.