అట్ట మీద సినిమా బొమ్మ ఉన్నంత మాత్రాన అది పిల్లల పుస్తకం కాదు

మీ తొమ్మిదేళ్ల అబ్బాయికి స్టార్ వార్స్ పిచ్చి పట్టింది, ఆ సినిమాల పుస్తకాలు కొనిద్దామంటే ఏది వాడి వయసుకు తగినదో తెలియడం లేదు, చెన్నైలో ఎక్కడ వెతకాలి అని కదా అడిగారు. నేనూ ఇదే ఊళ్లో ఇదే వెతుకులాటలో పడి ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. ముందు అది చెబుతాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు టీవీలో జురాసిక్ పార్క్ చూసింది. ఆ తర్వాత రెండు నెలలు ఇంట్లో డైనోసార్ల ఊసు తప్ప మరొకటి లేదు. ఒక ఆదివారం మైలాపూర్ లజ్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో అదే పేరుతో, అట్ట మీద అదే నల్లటి అస్థిపంజరం బొమ్మతో ఒక పుస్తకం కనిపించింది. బేరమాడి తెచ్చి దాని చేతిలో పెట్టాను. ఆ రాత్రి పది దాటాక దుప్పటి కప్పుకునే వంటింట్లోకి వచ్చి, "అమ్మా, సినిమాలో ఈ పాప లేదు కదా?" అంది. వేలు పెట్టి చూపించిన చోట చదివాను. పక్కలో పడుకోబెట్టిన పసిగుడ్డును చిన్న చిన్న డైనోసార్లు కొరుక్కుతింటాయి. వారం రోజులు మా ఇంట్లో పడకగది దీపం ఆరలేదు.

నేను కొన్నది సినిమాను బట్టి రాసిన పుస్తకం కాదు, సినిమాకు మూలమైన మైకేల్ క్రైటన్ నవల. 1990లో పెద్దవాళ్ల కోసం రాసింది. సినిమా విడుదలైన 1993లోనే పిల్లల కోసం వేరే చిన్న పుస్తకం వేశారని నాకు ఆ తర్వాత తెలిసింది. పేరు అదే, కథ అదే, పుస్తకాలు మాత్రం వేరు. సినిమాకైతే సెన్సారు వాళ్లు ఏ వయసు వారు చూడవచ్చో ముద్ర వేసి పంపుతారు. పుస్తకానికి అలాంటి ముద్ర ఉండదు, మనమే చూసుకోవాలి.

అందుకే ఇప్పుడు నేను మొదట చూసేది బొమ్మను కాదు, దాని కింద ఉన్న చిన్న అక్షరాలను. "జూనియర్ నావలైజేషన్" అని ఉంటే సినిమా కథను ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం తిరగరాసినట్టు. చాలావాటిలో మధ్యలో కొన్ని పేజీలు సినిమాలోని రంగు ఫొటోలు కూడా ఉంటాయి. ఒట్టి "నావలైజేషన్" అంటే పెద్దలకే అనుకోండి. ఈ.టి. సినిమాకు 1982లో వచ్చిన నవల చూడండి. అందులో ఆ గ్రహాంతరవాసి పిల్లవాడి తల్లి మీద మనసు పడతాడు! అదే రచయిత అదే ఏడాది పిల్లలకు వేరే బొమ్మల పుస్తకం రాసి ఇచ్చాడు. పాత పుస్తకాల కొట్టులో రెండూ ఒకే గుట్టలో దొరికితే అట్ట చూసి పోల్చుకోవడం కష్టమే.

స్టార్ వార్స్ విషయానికి వస్తే మీ పని కొంత తేలిక, ఎందుకంటే వాళ్లు వయసును బట్టి విడివిడిగా రాయిస్తారు. 2021 ఆరంభంలో హై రిపబ్లిక్ అనే వరుస మొదలుపెట్టినప్పుడు ఒకే కాలపు కథను పెద్దలకు ఒక నవలగా, పన్నెండు దాటినవారికి ఇంకొకటిగా, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వారికి మరొకటిగా వేశారు. ఆ చివరిదాని పేరు ఎ టెస్ట్ ఆఫ్ కరేజ్, మీవాడికి సరిపోయేది అదే. ప్రచురణకర్త పేరు కూడా చూడండి. డెల్ రే అని ఉంటే పెద్దలది. డిస్నీ లూకాస్‌ఫిల్మ్ ప్రెస్ అని ఉంటే పిల్లలది లేదా కౌమారంలో ఉన్నవారిది. వెనుక అట్ట మీద వయసు వేసి ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

1999లో మొదలైన జెడై అప్రెంటిస్ వరుస కూడా ఈ వయసుదే. పలచని పుస్తకాలు, ఒకటి ముగియగానే రెండోది కావాలని గోల పెడతారు. కథ జోలికి పోని పిల్లలైతే స్టార్ వార్స్ అంతరిక్ష నౌకలను నిలువునా కోసి లోపలి భాగాలు చూపించే, డీకే అనే ప్రచురణ సంస్థ వేసిన బొమ్మల పుస్తకాలు ఇవ్వండి. మా అక్క కొడుకు ఒక్కో బొమ్మ ముందు అరగంట కూర్చునేవాడు. దాన్ని చదవడం కాదంటారు కొందరు. నేను అనను.

ఇంకో సంగతి. సినిమా కథను తిరగరాసే నావలైజేషన్లను తరచుగా సినిమా పూర్తికాకముందే స్క్రిప్టు దగ్గర పెట్టుకుని రాస్తారు. అందువల్ల కత్తిరింపుకు పోయిన సన్నివేశాలు పుస్తకంలో మిగిలిపోతాయి. మొదటి స్టార్ వార్స్ సినిమా 1977 మేలో వస్తే, నవల 1976 చివర్లోనే వచ్చేసింది. కథానాయకుడు ల్యూక్ తన స్నేహితుడు బిగ్స్‌ను సొంత గ్రహం మీద కలిసే ఘట్టం అందులో ఉంది, విడుదలైన సినిమాలో లేదు. "సినిమాలో లేనిది నాకు తెలుసు" అనే గర్వం కోసమైనా పిల్లలు చదువుతారు.

అలాగని చావు, యుద్ధం కనిపించిన ప్రతి పుస్తకాన్నీ పక్కన పెట్టకండి. మనం చందమామ చదివి పెరిగినవాళ్లమే, అదీ ఈ ఊరి వడపళనిలో అచ్చయిందే. చెట్టు మీది శవాన్ని దింపి భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే రాజు కథను అన్నం తింటూ చదివాం. ఎవరికీ నిద్ర చెడలేదు. ఎందుకంటే ఆ శవం ఎలా ఉందో, వాసన ఎలా వస్తోందో అందులో వర్ణించరు. నేను చూసేదీ అదే. చనిపోయే ఘట్టం ఒక్క వాక్యంలో ముగిస్తే పిల్లల పుస్తకం, అర పేజీ నెత్తురు పారితే కాదు.

ఇవన్నీ చూడాలంటే కొనేముందు కూర్చుని చదివే చోటు కావాలి. కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లండి. పిల్లల విభాగం మధ్యలో పెద్ద కృత్రిమ చెట్టు ఉంటుంది, దాని చుట్టూ కూర్చుని చదువుకోవచ్చు. మీవాడికి నచ్చిన వరుస ఏదో అక్కడ తేల్చుకుని, ఆ పేర్లు రాసుకుని కొట్టుకు వెళ్తే డబ్బు వృథా కాదు. లజ్ ఫుట్‌పాత్‌ను నేను ఇప్పటికీ వదల్లేదు, కాకపోతే నిలబడి రెండు పేజీలు చదవనిదే పర్సు తీయను. పెద్ద మాల్‌లోని ఒక కొట్టులో మాత్రం పిల్లల అరలోనే పెద్దల నవల పెట్టి ఉండగా చూశాను. అడిగితే, "అట్ట మీద రోబో ఉంది కదా మేడం" అన్నాడు కుర్రాడు.

మా ఇంటి జురాసిక్ పార్క్‌ను అటక మీద పెట్టేశాను. అమ్మాయికి పదమూడు నిండాక, మొన్న వేసవి సెలవుల్లో, తనే స్టూలు వేసుకుని దింపుకుంది. మూడు రోజుల్లో ముగించింది. దీపం గొడవ రాలేదు. అందులోని గణిత శాస్త్రజ్ఞుడు అతిగా మాట్లాడతాడని ఒక్కటే ఫిర్యాదు.