మేనమామ కబుర్లలో దాగి ఉన్న ఉద్యోగం

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. మా బావమరిది సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి, హవల్దారుగా పదవీ విరమణ చేశాడు. పండక్కి వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని సర్వీసు కబుర్లు చెప్పి ఇంటిల్లిపాదినీ నవ్విస్తాడు. మంచు కొండల్లో ఆవకాయ సీసాకు మేజోళ్ళు తొడిగిన జవాను కథ, ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న మాటకు డాక్టరు టార్చిలైటు తెచ్చిన కథ మా వీధిలో అందరికీ తెలుసు. ఇప్పుడు మావాడు నీట్ కోచింగ్ వద్దు, మామయ్య చేసిన ఉద్యోగమే చేస్తానంటున్నాడు. నవ్వుకోవడానికి చెప్పిన కబుర్లు నమ్మి జీవితాన్ని నిర్ణయించుకోవచ్చునా?
— ఒక తండ్రి, కోనసీమ

జవాబు: అయ్యా, మీ భయం న్యాయమైనదే. అయితే మీ ఉత్తరంలో ఉన్న ఆ రెండు కబుర్లనూ నేను మళ్ళీ మళ్ళీ చదివాను. వాటిలో నవ్వు ఎంత ఉందో, పని కూడా అంతే ఉంది. మీ అబ్బాయి విన్నది నవ్వునా, పనినా అన్నది ముందు తేల్చుకోవాలి. నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఆవకాయ కథనే తీసుకుందాం. సీసా చలికి పగిలిపోతుందేమోనని ఆ జవాను తన పొడి మేజోళ్ళను దానికి తొడిగి, తాను తడి మేజోళ్ళతోనే కాపలా కాశాడు. రాత్రి పాదాల తనిఖీకి వెళ్ళిన మీ బావమరిది గారు ‘నీ కాళ్ళకంటె నీ ఆవకాయే వెచ్చగా ఉందిరా’ అన్నారు. వినేవారికి కథ అక్కడితో అయిపోతుంది. కాని ఒక వైద్య సహాయకుడు రాత్రిపూట ఒక్కొక్క జవాను బూట్లు విప్పించి వేళ్ళు ఎందుకు చూస్తాడో అడిగి చూడండి. మంచుకాటులో ముందుగా పోయేది స్పర్శ. నొప్పి తెలియదు కనుక రోగి తనంతట తాను వచ్చి చెప్పుకోడు, చెప్పుకునే సమయానికి వేళ్ళు పోగొట్టుకునే స్థితి రావచ్చు. అందుచేత వైద్యుడే రోగి దగ్గరకు వెళ్ళాలి. అలా గడ్డకట్టిన పాదాన్ని మంచుతో గాని చేతులతో గాని రుద్దకూడదు, నిప్పు దగ్గర పెట్టకూడదు, ఎందుకంటే స్పర్శ లేని చర్మం కాలుతున్నా తెలియదు. సుమారు 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ గోరువెచ్చని నీటిలో ఉంచాలి. మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం ఉన్నచోట మాత్రం సురక్షిత ప్రదేశానికి చేర్చేవరకు కరిగించనే కూడదు. ఇదంతా తెలిసిన మనిషి కనుకనే ఆయన ఆ రాత్రి నవ్వించి, మేజోళ్ళు మార్పించగలిగారు. తిట్టి ఉంటే మరునాడు ఆ కుర్రవాడు సీసాతో పాటు పాదాలను కూడా దాచేవాడు.

రెండవ కథ మన భాషకు సంబంధించినది. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నదాన్ని ఆ జవాను మాటకు మాట హిందీలోకి మార్చి ‘ఆంఖే ఘూమ్ రహీ హై’ అన్నాడు. డాక్టరు గారు టార్చిలైటు వేసి చాలాసేపు కనుగుడ్లు చూశారు. అప్పుడు పక్కన ఉన్న మీ బావమరిది గారు, మా గోదావరి జిల్లాల్లో తల తిరగడాన్ని అలా అంటామని చెప్పి, ఆ కుర్రవాడిని ఒక పాదం మడమకు రెండవ పాదం వేళ్ళు ఆనించి సరళరేఖలో నడవమన్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటె నచ్చింది ఆ నడిపించడమే. ఎత్తైన ప్రదేశాలలో తల తిరగడం చిన్న విషయం కావచ్చు. కాని సూటిగా నడవలేక తూలితే మెదడులో వాపు మొదలైందని అనుమానించి, ఆక్సిజన్ పెట్టి, ఆలస్యం చేయకుండా కిందికి దింపాలి. అసలు ఆ పరిస్థితి రాకుండానే మన సైన్యం 9,000 అడుగులు దాటినచోట ఆరు రోజులు, 12,000 దాటాక నాలుగు రోజులు, 15,000 దాటాక మరో నాలుగు రోజులు జవాన్లను ఆగి అలవాటు పడనిస్తుంది. సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులో పుట్టి పెరిగిన మన డెల్టా పిల్లలకు ఆ రోజుల విలువ చెప్పేవాడు పక్కన ఉండటం ఎంత అవసరమో మీరే ఊహించండి.

కనుక మీ అబ్బాయిని మేనమామ దగ్గర మళ్ళీ కూర్చోబెట్టండి, మీరూ పక్కన ఉండండి. ప్రతి కథకూ నవ్వు అయిపోయాక, ముందు ఏమి గమనించారు, చేతులతో ఏమి చేశారు, ఆ మనిషి తరువాత ఏమయ్యాడు అని అడగమనండి. గాయపడినవాడికి రక్తస్రావం ఆపడం ఊపిరి సంగతి చూడటం కంటె ముందు ఎందుకు వస్తుందో, చేతికో కాలికో బిగించిన పట్టీ మీద సమయం ఎందుకు రాయాలో ఆయన చెబుతారు. 216వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగినా అదే పని. అదే బిగింపు రక్తపింజరి కాటుకు పనికిరాదనీ, అక్కడ కాలు కదలకుండా ఉంచి విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే వైద్యమనీ కూడా చెబుతారు. ఆయన ఇంతవరకూ చెప్పని కథలు కొన్ని ఉంటాయి, దక్కించుకోలేకపోయిన వారివి. చెప్పడానికి ఆయన ఇష్టపడితే వాటిని కూడా అబ్బాయి వినాలి. నవ్వించే కథలు మాత్రమే తెలిసిన కుర్రవాడిని ఈ ఉద్యోగానికి పంపడం నాకు సమ్మతం కాదు.

ఇక ఉద్యోగం సంగతి. నర్సింగ్ అసిస్టెంట్లు పనిచేసే సైనిక వైద్య దళం 1943 ఏప్రిల్ 3న ఏర్పడింది. దాని కేంద్రం లక్నోలో ఉంది, దాని ఆదర్శ వాక్యం ‘సర్వే సంతు నిరామయాః’. కొరియా యుద్ధంలో లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వాన సేవచేసిన 60వ పారాచ్యూట్ ఫీల్డ్ అంబులెన్స్ ఈ దళానిదే. 2023 ఫిబ్రవరిలో భూకంపం వచ్చినప్పుడు టర్కీలో ఆసుపత్రి నడిపినదీ ఆ యూనిట్ వారసులే. అయితే సర్వీసులో ఎక్కువ రోజులు యుద్ధంలో గడవవు. యూనిట్‌లో వైద్య పరీక్షలు చేసే ఎం.ఐ. రూములో పొద్దున్నే జబ్బుపడిన జవాన్లను చూసే సిక్ రిపోర్టు, కట్లు, ఇంజెక్షన్లు, మందుల రిజిస్టరు, వార్డు డ్యూటీ, ఇవే దినచర్య. వీటిని ఓపికగా చేయగలవాడికే ఇది తగిన ఉద్యోగం.

అర్హతకు ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లీషు ఉండాలి; మొత్తం మీద 50 శాతం, ప్రతి సబ్జెక్టులో కనీసం 40 శాతం మార్కులు రావాలి. వయస్సు పదిహేడున్నర నుంచి 23 ఏళ్ళు. 2022లో అగ్నిపథ్ వచ్చిన తరువాత కూడా ఈ విభాగం నాలుగేళ్ళ పద్ధతిలోకి వెళ్ళలేదు, రెగ్యులర్ నియామకంగానే కొనసాగుతోంది; మీవంటి తల్లిదండ్రులు చాలామంది ఇది తెలియక వెనకడుగు వేస్తున్నారు. ఏడవ వేతన సంఘం ప్రకారం మూలవేతనం 21,700 రూపాయలతో మొదలవుతుంది, సైనిక సేవా భత్యం 5,200 రూపాయలు అదనం. ముందు కంప్యూటరు మీద ఉమ్మడి ప్రవేశ పరీక్ష, తరువాత నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు వంటి దేహ పరీక్షలు, ఆపైన వైద్య పరీక్ష ఉంటాయి. పరుగుకు మన కాలువ గట్లకు మించిన మైదానం లేదు. మోకాళ్ళు ఒకదానికొకటి తగలడం, చదును పాదం, రంగులు గుర్తించలేకపోవడం వంటివి ఉన్నాయేమో మాత్రం ఇప్పుడే ఒక వైద్యుడికి చూపించండి. ఏడాదిపాటు చెమటోడ్చిన పిల్లలు చివరి రోజున అక్కడ ఆగిపోవడం నేను చూశాను, ఆ ఇళ్ళలో దుఃఖం చెప్పనలవి కాదు.

నీట్‌ను పూర్తిగా వదిలేయమని నేను అనను. పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలకు దారి నీట్ మీదుగానే ఉంది కనుక ఈ ఏడాది పరీక్ష రాయనివ్వండి. రాసినంత మాత్రాన పోయేదేమీ లేదు. కోచింగ్ కోసం పొలం తాకట్టు పెట్టి మరో రెండేళ్ళు కూర్చోబెట్టడం మాత్రం ఈ కుర్రవాడి విషయంలో నాకు సబబుగా తోచడం లేదు. నర్సింగ్ అసిస్టెంటుగా ఎంపిక కాకపోతే డి.ఫార్మసీలో చేర్పించండి. 19 నుంచి 25 ఏళ్ళ మధ్య సైన్యంలోనే మందుల పని చూసే సిపాయి ఫార్మా పోస్టుకు మరొక అవకాశం ఉంటుంది; అదీ రాకపోయినా రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషనుతో స్వంత ఊళ్ళో బతకవచ్చు.

మీ జిల్లా విశాఖపట్నం సైనిక నియామక కార్యాలయం పరిధిలోకి వస్తుంది. పోస్టు ఇప్పిస్తామని టీ దుకాణాల దగ్గర డబ్బు అడిగే దళారులను గుమ్మం తొక్కనివ్వకండి. పరీక్ష రుసుము తప్ప ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. ఇటీవలి సంవత్సరాలలో ప్రకటనలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చాయి. ఈలోగా పదవ తరగతి మార్కుల జాబితాలోనూ ఆధార్‌లోనూ అబ్బాయి పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసి, తేడా ఉంటే సరిచేయించే పని ఈ వారమే మొదలుపెట్టండి.