సరయేవోలో ఒక్క రోజే ఉంటే ఏం చూడాలి?

బోస్నియా వెళ్తున్నాను, సరయేవోలో ఒక్క రోజే ఉంటాను, యుద్ధం జరిగిన ఊళ్లో ఏం చూడాలి అని అడిగారు. రెండేళ్ల క్రితం నేనూ మా ఆవిడా వియన్నా నుంచి వెళ్లాం. ఏం చూడాలన్నదాని కంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం అని నాకు అక్కడే తెలిసింది.

మేము పొద్దున్నే జూటా తాబియా అనే పాత కోట బురుజు ఎక్కాం. కింద ఎర్ర పెంకుల ఇళ్లు, మీనార్లు, చర్చి గోపురాలు, నడుమ మిల్యాత్స్కా నది, చుట్టూ పచ్చటి కొండలు. ఎంత బాగుందో అనుకుని ఫొటోలు తీసుకుని దిగిపోయాం. మీరు అలా చేయకండి. ఆ బురుజు సాయంత్రానికి ఉంచుకోండి.

ముందు టాక్సీలో ఎయిర్‌పోర్ట్ దగ్గరి బుట్మిర్ వెళ్లండి. బోస్నియా స్వతంత్ర దేశం కావడాన్ని వ్యతిరేకించిన అక్కడి సెర్బు జాతి సేనలు 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు, సరయేవోను చుట్టుముట్టాయి. బయటికి దారి లేక 1993లో రన్‌వే కింద దాదాపు 800 మీటర్ల సొరంగం తవ్వారు. తిండి, మందులు, ఆయుధాలు, గాయపడ్డవాళ్లు అన్నీ అందులోంచే. ఇప్పుడు కొద్ది దూరమే నడవనిస్తారు. నేను ఒంగి నడిచాను, ఆ కాస్తకే నడుం పట్టేసింది. వీపు మీద బస్తాతో, కాళ్ల కింద నీళ్లతో, మొత్తం దూరం నడిచినవాళ్లు గుర్తొచ్చి బయటికి వచ్చాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

తర్వాత మర్కలే మార్కెట్. మన రైతుబజార్ లాంటిదే, ఇప్పటికీ కూరగాయలు అమ్ముతున్నారు. 1994 ఫిబ్రవరి 5న ఒక్క మోర్టార్ షెల్ పడి ఇక్కడ 68 మంది చనిపోయారు. వెనక ఎర్రటి గోడ మీద వాళ్ల పేర్లున్నాయి. రోడ్ల మీద షెల్ పడిన గుంతల్లో అక్కడక్కడ ఎర్రటి రెసిన్ నింపి వదిలేశారు. వాటిని సరయేవో గులాబీలు అంటారు. చూసుకుని నడవండి, తెలియకుండా తొక్కేస్తాం. నది ఒడ్డున వియెచ్‌నిత్సా భవనం ఉంది. అప్పట్లో అది జాతీయ గ్రంథాలయం. 1992 ఆగస్టులో షెల్స్ పడి లక్షల పుస్తకాలతో సహా కాలిపోయింది. బాగుచేసి 2014లో తెరిచారు.

మధ్యాహ్నం పాత బజారు బాష్‌చార్షియా గల్లీల్లో తినండి. పల్చటి పిండి పొరల్లో కూరిన రొట్టెలు అక్కడ ప్రసిద్ధి. శాకాహారులైతే బురెక్ అని అడగొద్దు, అక్కడ బురెక్ అంటే మాంసం పెట్టిందే. పాలకూరది జెల్యానిత్సా, బంగాళాదుంపది క్రొంపిరూషా. రెండూ బాగుంటాయి.

యుద్ధం గురించి ఎవరినీ మీరుగా అడగకండి. మేము దిగిన ఇంటావిడ కాఫీ పోస్తూ తనంతట తానే చెప్పింది. అప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. కుళాయిలు ఎండిపోతే నదికి అవతల బీరు ఫ్యాక్టరీ దగ్గరి ఊట నుంచి డబ్బాల్లో నీళ్లు మోసుకొచ్చేవాళ్లట. "మా అమ్మ అన్నయ్యనూ నన్నూ ఎప్పుడూ కలిపి పంపేది కాదు" అంది. ఎందుకో అర్థమవడానికి నాకు ఒక నిమిషం పట్టింది. మా ఆవిడ అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది.

టైముంటే త్రెబెవిచ్ కొండకు కేబుల్ కార్ ఉంది, 1984 వింటర్ ఒలింపిక్స్ నాటి బాబ్‌స్లెడ్ (మంచు మీద జారే బండి) ట్రాక్ చూడొచ్చు. కొండల్లో ఎక్కడైనా సరే, నడకదారి దాటి పొదల్లోకి వెళ్లొద్దు. యుద్ధంలో పాతిన మందుపాతరల భయం ఇంకా పూర్తిగా పోలేదు.

సాయంత్రం మేము మళ్లీ జూటా తాబియా ఎక్కాం. ఊరు దోసిట్లో పెట్టినట్టు కనిపించింది. వియెచ్‌నిత్సా ఇదిగో, బీరు ఫ్యాక్టరీ అదిగో, వంతెన మీద నడిచే మనుషులు కూడా తెలుస్తున్నారు. షెల్స్ వచ్చింది ఇలాంటి కొండల మీద నుంచే. దిగేటప్పుడు దారి పక్కన కొవాచీ శ్మశానం దగ్గర ఆగాం. పొద్దున దాని పక్కనుంచే ఎక్కాం, కానీ తలతిప్పి చూడలేదు. తెల్లరాళ్ల మీద పుట్టిన సంవత్సరాలు వేరువేరు. రెండో సంవత్సరం మాత్రం వరుసగా 1992, 1993, 1992, 1994. చీకటి పడేదాకా చదువుతూనే ఉన్నాం.